బాపు డబ్బు ఎక్కడ ఆగిపోయింది

మా బాపు సింగరేణిలో బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. మైనింగ్ సర్దార్ పరీక్ష, ఆ తర్వాత ఓవర్‌మన్ పరీక్ష రాసి పాసై, 2021లో ఓవర్‌మన్‌గా దిగిపోయాడు. ఎన్ని టన్నులు తీశారు, ఎంతమంది పనిలోకి వచ్చారు, ఏ దారిలో గాలి సరిగ్గా ఆడటం లేదు అని ప్రతి షిఫ్టు చివర కాగితం మీద రాసి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. అట్లాంటి మనిషి దగ్గర నుంచి 34 లక్షలు పోయాయి. ఈ మాట మా బంధువుల్లో ఎవరితో చెప్పినా ముందు వచ్చే మాట ఒకటే: "ఆశకు పోయిండు." అది నిజం కాదు. నిజం ఏమిటో రాయాలనే ఇది రాస్తున్నాను.

సింగరేణిలో దిగిపోయినవాళ్ల పరిస్థితి గోదావరిఖనిలో పుట్టి పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు. 1998 నాటి బొగ్గుగని కార్మికుల పెన్షన్ పథకం కింద వచ్చే డబ్బు దిగిపోయిన రోజు ఎంతో పదేళ్లకూ అంతే. బియ్యం ధర పెరిగినా, మందుల ధర పెరిగినా అది పెరగదు. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి వచ్చిన దాంట్లో మా చెల్లె పెళ్లి ఖర్చు, చిన్న ఇల్లు పోను బ్యాంకులో 27 లక్షలు మిగిలాయి. ఆ డిపాజిట్ వడ్డీ, పెన్షన్ మీదే ఇద్దరూ బతకాలి. అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పి అప్పటికి చాలా కాలమైంది. బాపు వెతికింది ఆ ఖర్చుకు దారి. దాన్ని ఆశ అంటారో అవసరం అంటారో చదివేవాళ్లే తేల్చుకోవచ్చు.

2023 డిసెంబరులో బాపును ఎవరో ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. అందులో వందకు పైగా నంబర్లు. రోజూ పొద్దున ఒక 'ప్రొఫెసర్' పాఠం పెట్టేవాడు, బిట్‌కాయిన్ ఎందుకు పెరుగుతుంది, ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అని. సాయంత్రం గ్రూపులోని వాళ్లు తమ లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు. ఒకరు కూతురి ఫీజు కట్టామని, ఒకరు ట్రాక్టర్ అప్పు తీర్చామని. ఆ నంబర్లలో చాలా వరకు ముఠావేనని తర్వాత పోలీసులు చెప్పారు. ఒక బాధితుడి చుట్టూ వంద మంది సాక్షులను నిలబెట్టి ఆడే నాటకం అది. బాపు నెల రోజులు ఒక్క రూపాయి పెట్టకుండా చూస్తూ ఉన్నాడు. పాఠాలన్నీ డైరీలో రాసుకున్నాడు కూడా.

ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంటునని చెప్పుకున్న ఒక అమ్మాయి విడిగా మెసేజీలు పెట్టేది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. "భోజనం చేశారా అండి", "ఆంటీ గారికి మోకాలు ఎలా ఉంది అండి", "టాబ్లెట్ వేసుకున్నారా". ఆ సంభాషణ అంతా నేను తర్వాత మొదటి నుంచి చివరి దాకా చదివాను. నేను మంచిర్యాల జిల్లాలో ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. మాకు పరీక్షలు, మూల్యాంకనం, పిల్లల చదువు. వారానికి ఒకసారి ఇంటికి ఫోన్ చేస్తాను. ఆ మెసేజీలు పెట్టే మనిషి మాత్రం ప్రతి పూటా ఆయన్ను పలకరించింది.

మొదట యాభై వేలు పెట్టించారు. యాప్ ప్లే స్టోర్లో లేదు, లింకు పంపి ఫోన్లో ఎక్కించారు. పది రోజుల్లో ఎనిమిది వేలు లాభం అని చూపించి, అది నిజంగానే బాపు బ్యాంకు ఖాతాలో వేశారు. నమ్మకానికి వాళ్లు పెట్టిన ఖర్చు ఆ ఎనిమిది వేలు. ఆ తర్వాత డిపాజిట్లు విడతలు విడతలుగా రద్దయి వెళ్లిపోయాయి. డబ్బు వేయమన్న ప్రతిసారీ కొత్త ఖాతా నంబరు. ఒకటి ఏదో ట్రేడర్స్ పేరు మీద, ఇంకొకటి ఎంటర్‌ప్రైజెస్ పేరు మీద. ఇన్ని పేర్లు ఎందుకని బాపు అడిగితే, రూపాయలను యూఎస్‌డీటీగా మార్చే డీలర్ల ఖాతాలు ఇవి అని జవాబు వచ్చింది. యూఎస్‌డీటీ అంటే టెథర్ అనే కంపెనీ నడిపే నాణెం, ఒక్కొక్కటి ఒక డాలరు విలువకు కట్టుబడి ఉంటుంది. బాపు యాప్‌లో లెక్క అంతా అందులోనే కనిపించేది. 2024 ఫిబ్రవరి చివరికి తెర మీద ఒక లక్షా ఏడు వేల యూఎస్‌డీటీ. రూపాయల్లో దాదాపు 89 లక్షలు.

అది తీసుకుంటానని బాపు అడిగినప్పుడు అసలు ఉచ్చు బిగిసింది. భారత ప్రభుత్వ చట్టం ప్రకారం క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, లాభం 62 లక్షలు కాబట్టి 18 లక్షల 60 వేలు ముందు కట్టాలి, కట్టిన గంటలో మొత్తం విడుదలవుతుంది అన్నారు. అశోక చక్రం ముద్రతో ఒక లెటర్ కూడా పంపారు. బాపు ఊరికే నమ్మలేదు. గూగుల్‌లో వెతికాడు. 2022 బడ్జెట్లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన 30 శాతం పన్ను నిజమే. అది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిందన్నదీ నిజమే. జులై 1 నుంచి ప్రతి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ అన్నదీ నిజమే. ఆయన చూసిన ప్రతి వార్తా దొంగలు చెప్పినదాన్నే బలపరిచింది. ప్రభుత్వమే పన్ను తీసుకుంటున్న వ్యాపారం మోసం ఎట్లా అవుతుందని ఆయన అనుకున్నాడు. నా చదువుతో, ఆయన చోట కూర్చుని ఆలోచించినా ఆ ప్రశ్నకు నాకు తేలిగ్గా జవాబు దొరకలేదు.

అసలు విషయం ఏమిటంటే, ఆ పన్ను మనం రిటర్ను వేసేటప్పుడు మనమే ఆదాయపు పన్ను శాఖకు కడతాం. టీడీఎస్‌ను క్రిప్టో కొని అమ్మే వేదిక, అంటే ఎక్స్ఛేంజీ, తన దగ్గరే కోసుకుంటుంది. సొమ్ము విడుదల కావాలంటే ముందు ఫలానా ఖాతాలో పన్ను వేయమని అడిగే పద్ధతి ఈ దేశంలో ఎక్కడా లేదు. ఈ మూడు వాక్యాలు ఏ బ్యాంకు గోడ మీదైనా, టీవీ ప్రకటనలోనైనా పెద్ద అక్షరాల్లో కనిపించి ఉంటే మా అమ్మ నగలు మిగిలేవి. తొమ్మిది తులాలు కుదువ పెట్టి నాలుగు లక్షలు, మా మామ దగ్గర చేబదులు మూడు లక్షలు తెచ్చి బాపు ఆ 'పన్ను'లో ఏడు లక్షలు కట్టాడు. మిగతా దానికి నాకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఓ పదకొండు లక్షల అరవై వేలు సర్దుతవా? పన్ను కట్టాలె. కట్టంగనే ఎనభై తొమ్మిది లక్షలు అకౌంట్లకు వస్తయి. అమ్మకు ఆపరేషన్ చేపిద్దాం."

గొంతులో సంతోషం. నేను స్కూలు వరండాలో నిలబడి ఉన్నాను. పన్ను అన్న మాట వినగానే విషయం అర్థమైంది, కానీ ఆయనకు ఫోన్లో చెప్పలేకపోయాను. బస్సెక్కి గోదావరిఖని వెళ్లాను. యాప్ చూశాను. డైరీ చూశాను. మోసం అని చెప్పినప్పుడు బాపు నాతో వాదించాడు. మెసేజీలు చూపించాడు. ఎనిమిది వేలు వచ్చిన ఎంట్రీ చూపించాడు. నా ముందే ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. కాసేపటికి గ్రూపు నుంచి ఆయన్ను తీసేశారు. యాప్ తెరిస్తే తెల్లటి తెర. అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. ఆ రాత్రి మళ్లీ మాట్లాడలేదు.

1930కి ఫోన్ చేశాను. సైబర్ ఆర్థిక మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు అది. అవతల మనిషి అడిగేవి ఒక వరుసలో ఉంటాయి: ఏ బ్యాంకు నుంచి వెళ్లింది, ఏ ఖాతాలోకి వెళ్లింది, ఎంత, ఏ తేదీ, ఏ సమయం, యూటీఆర్ నంబరు (లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఎంత. చాలామంది ఇక్కడే తడబడి, స్టేట్‌మెంటు తెచ్చి రేపు చేస్తామని ఫోన్ పెట్టేస్తారట. బాపు డైరీలో ప్రతి లావాదేవీ ఉంది. తేదీ, నిమిషంతో సహా టైము, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, యూటీఆర్. షిఫ్టు రిపోర్టు రాసిన చెయ్యి అది. నేను చదువుతూ పోయాను, వాళ్లు ఎక్కించుకున్నారు. తర్వాత మాకు ఏదైనా చేతికి వచ్చిందంటే ఆ డైరీ వల్లే వచ్చింది.

ఫిర్యాదు ఎక్కగానే ఆ నంబర్లు ఆయా బ్యాంకులకు వెళ్తాయి. డబ్బు అక్కడే ఉంటే ఆపుతారు, వెళ్లిపోయి ఉంటే ఏ ఖాతాకు వెళ్లిందో చెప్తారు, మళ్లీ ఆ బ్యాంకుకు కబురు. మొదటి ఖాతా మొదటి లేయర్, అక్కడి నుంచి చీలినవి రెండో లేయర్, మూడో లేయర్ అంటారు పోలీసులు. జనవరి నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లిన 27 లక్షల్లో అప్పటికి ఎక్కడా ఏమీ లేదు. చివరగా పన్ను పేరుతో వెళ్లిన ఏడు లక్షల్లోనే కొంత దొరికింది. మొదటి రెండు లేయర్లలో మూడు లక్షల 38 వేలు, మూడో లేయర్లో ఒకే ఖాతాలో లక్షా 90 వేలు. అవి ఆగాయి.

సైబర్ క్రైమ్ స్టేషన్లో మా కేసు చూసిన ఎస్సై గారు మర్యాదస్తుడు. కానీ ఆయన బల్ల మీద ఉన్న ఫైళ్ల ఎత్తు చూస్తే ఆయన మీదా జాలి వేసింది. మొదటి లేయర్ ఖాతాల్లో ఒకటి వేరే రాష్ట్రంలో ఒక కూలీ మనిషిదని ఆయన చెప్పారు. ఎవరో వచ్చి అతని పేరు మీద కరెంటు ఖాతా తెరిపించి, పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు తీసుకుని చేతిలో కొన్ని వేలు పెట్టి వెళ్లారు. రోజు కూలీ చేసుకునే మనిషి పేరు మీద ట్రేడర్స్ అని ఖాతా తెరిచి, అందులో ఒక్క రోజులో లక్షలు వచ్చి నిమిషాల్లో వెళ్లిపోతుంటే, ఆ బ్యాంకులో ఎవరికీ ఇదేమిటని అనిపించలేదు. మా బాపు డిపాజిట్ రద్దు చేసుకోవడానికి వెళ్తే మాత్రం రెండు సంతకాలు కలవలేదని తిప్పి పంపిన రోజు ఉంది. 2024 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇట్లాంటి అద్దె ఖాతాలను పట్టడానికి మ్యూల్‌హంటర్ అనే సాఫ్ట్‌వేర్ తయారైందని, బ్యాంకులు వాడుకోవాలని చెప్పింది. మంచిదే. మాకు అది ఆలస్యంగా వచ్చింది.

మిగతా డబ్బు సంగతి ఎస్సై గారు ఒక తెల్ల కాగితం మీద గీసి చూపించారు. కొంత ఏటీఎంల్లో, కొంత చెక్కుల మీద నగదుగా తీసేశారు. దాదాపు 19 లక్షలు పీటూపీలో యూఎస్‌డీటీ కొనడానికి వాడారు. పీటూపీ అంటే ఎక్స్ఛేంజీ వేదిక మీద మనిషికీ మనిషికీ నేరుగా బేరం. అమ్మేవాడి బ్యాంకు ఖాతాకు రూపాయలు వెళ్తాయి, కొనేవాడి వాలెట్‌కు నాణేలు వెళ్తాయి. అక్కడి దాకా రూపాయి వెంట పేరుంది, ఆధార్ ఉంది, పాన్ ఉంది. ఆ తర్వాత నాణేలు తిరిగే ట్రాన్ అనే నెట్‌వర్కు మీద ఒక పొడుగాటి చిరునామా. ఎస్సై గారు ఫోన్లో ఆ చిరునామా తెరిచి చూపించారు. వచ్చినవి, పోయినవి అన్నీ కనిపిస్తున్నాయి. ఎవరైనా చూడొచ్చు. మా బాపు కష్టార్జితం ఏ రోజు ఏ నిమిషంలో ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు కదిలిందో నేను కళ్లారా చూశాను. ఆ చిరునామా వెనుక మనిషి ఎవరో మాత్రం కనిపించదు.

"ఇక్కడి నుంచి మా చేతుల్లో లేదమ్మా" అన్నారు ఆయన.

చేతుల్లో లేదు అంటే అసలు ఎవరి చేతుల్లోనూ లేదని కాదు. పోలీసుల నుంచి అధికారికంగా అభ్యర్థన వెళ్తే టెథర్ కంపెనీ ఆ చిరునామాలోని నాణేలను కదలకుండా ఆపగలదు. ఆపిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎక్స్ఛేంజీలు తమ దగ్గర ఖాతా ఉన్నవాళ్ల వివరాలు ఇవ్వగలవు. కానీ ఉత్తరం ఎవరు రాయాలి, ఎవరి ద్వారా వెళ్లాలి, ఎన్ని గంటల్లో జవాబు రావాలి అన్నది మన దగ్గర ఒక్క చట్టంలో రాసి లేదు. ఒక ఎక్స్ఛేంజీ నుంచి జవాబు రావడానికి నెలలు పట్టింది. అప్పటికి ఆ చిరునామాలో ఏమీ లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2018 ఏప్రిల్లో రిజర్వ్ బ్యాంకు క్రిప్టో వ్యాపారులకు బ్యాంకు సేవలు ఆపమంది, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. 2021లో పార్లమెంటు ముందుకు బిల్లు తెస్తామని జాబితాలో పెట్టారు, తేలేదు. 2022లో పన్ను వచ్చింది. 2023 మార్చి 7న ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చి, ఆర్థిక శాఖ కింద ఉండే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు చేసుకోవాలన్నారు. ఆ ఏడాది డిసెంబరు 28న నమోదు లేని తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకు నోటీసులిచ్చి, తర్వాతి నెలలో వాటి యాప్‌లను ఆపించారు. వాటిలో ఒకటైన బైనాన్స్ మీద 2024 జూన్‌లో 18.82 కోట్ల జరిమానా వేశారు. ఇవన్నీ నేను ఆ రోజుల్లోనే వరుసగా చదివాను, మా కేసుకు ఎక్కడైనా దారి దొరుకుతుందేమోనని. దారి దొరకలేదు. పన్నుకు ఒక శాఖ ఉంది, నల్లధనానికి ఒక సంస్థ ఉంది. దోపిడీకి గురైన మనిషి తన సొమ్ము క్రిప్టోగా మారిపోయిందని వెళ్లి తలుపు తట్టడానికి ప్రత్యేకంగా ఒక్క చోటు లేదు.

2025 మేలో సుప్రీంకోర్టు ఒక కేసు వింటూ, పన్ను వేస్తున్నప్పుడు నియంత్రణ ఎందుకు పెట్టరని కేంద్రాన్ని అడిగిందని పేపర్లో చదివి, ఆ పేజీని కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాను. నేను ఏడాదిగా అడుగుతున్న ప్రశ్న అది.

మూడో లేయర్లో ఆగిన లక్షా 90 వేల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆ ఖాతా ఉత్తరాది యువకుడిది. స్టేషన్లో ఎస్సై గారి ముందే అతను నాతో ఫోన్లో మాట్లాడాడు. హిందీలో, చాలా మర్యాదగా. తన దగ్గరున్న యూఎస్‌డీటీని పీటూపీలో అమ్మాడట. కొన్నవాడు ఎవరో తెలియదు, డబ్బు ఖాతాలో పడింది, నాణేలు ఇచ్చేశాడు. టీడీఎస్ కూడా పోయింది. ఇప్పుడు ఖాతా మొత్తం ఆగిపోయింది, జీతం కూడా అందులోనే పడుతుంది, ఇంటి అద్దె కట్టలేకపోతున్నాడు. అభ్యంతరం లేదని ఒక్క కాగితం ఇవ్వమని బతిమాలాడు.

"దీదీ, మై భీ తో లుట్ గయా" అన్నాడు, నేనూ మోసపోయాను కదా అని.

అతను చెప్పింది నిజమో, ముఠాలో మనిషో నాకు తెలిసే మార్గం లేదు. నిజమే అయితే అతనిది అన్యాయంగా ఆగిన సొమ్ము. మా బాపు వైపు నుంచి చూస్తే అది మా అమ్మ గాజులు. ఇద్దరికీ ఒకే లక్షా 90 వేలు. నేను కాగితం ఇవ్వలేదు. ఇవ్వనన్న మాట చెప్పి ఫోన్ పెట్టేశాక చాలాసేపు మనసు బాగోలేదు. పీటూపీలో అమ్మిన మనిషికి ఏ జాగ్రత్తలు తీసుకుంటే అమాయకుడిగా లెక్క, కొనేవాడి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాల్సింది అతనా, ఎక్స్ఛేంజీనా, బ్యాంకా అన్నది చట్టం చెప్పాలి. చెప్పకుండా వదిలేస్తే ఇట్లాగే ఇద్దరు ముక్కూమొహం తెలియని మనుషులు ఒకరి గొంతు మీద ఒకరు నిలబడాల్సి వస్తుంది. ఆ సొమ్ము ఈ రోజుకీ అక్కడే ఉంది, ఎవరికీ కాకుండా.

2024 ఎండాకాలం మా ఇంట్లో ఎట్లా గడిచిందో వివరంగా రాయలేను. బాపు వాకింగ్‌కు పోవడం మానేశాడు. యూనియన్ ఆఫీసు అరుగు మీద పాత స్నేహితులతో కూర్చునేవాడు, అదీ మానేశాడు. రాత్రి ఆయన మంచం మీద నుంచి లేచిన ప్రతిసారీ అమ్మ వెనకాలే లేచేది. పెరట్లో తాడు తీసి ఎక్కడో దాచింది. ఎందుకు దాచిందో నేను అడగలేదు. మామ అప్పు గురించి ఎప్పుడూ ఎత్తలేదు, అది ఆయన మంచితనం. ఇంకొందరు పరామర్శకని వచ్చి, ఎట్లా మోసపోయాడో కథ విని వెళ్లారు. ఒక రోజు బాపు తనంతట తానే మాట్లాడాడు.

"బాయిల గ్యాస్ చూసి, కప్పు తట్టి చూసినంకనే మనుషులను లోపటికి పంపేటోన్ని. చూడకపోతే నా సర్టిఫికెట్ పోతది, జైలుకు పోత. ఇక్కడ చూసేటోడు ఎవడు బిడ్డా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

ఆ 2024 మేలోనే ఇంకొక వార్త వచ్చింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కుర్రవాళ్లను కంబోడియా పంపించిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టులు లాక్కుని, పెద్ద కాంపౌండ్లలో పెట్టి, మన దేశంలోని వాళ్లను ఫోన్లో మోసం చేసే పని చేయించారు. చేయనంటే తిండి పెట్టలేదు, కొట్టారు. ఒక్క విశాఖ వైపు నుంచే 150 మంది వరకు వెళ్లారని పోలీసులు చెప్పారు. కాంపౌండులో కుర్రవాళ్లు తిరగబడ్డారు, తర్వాత ఇండియన్ ఎంబసీ సాయంతో కొందరు తిరిగొచ్చారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి ఐదు వందల మందికి పైగా భారతీయులను వైమానిక దళం విమానాల్లో తెచ్చారు. వాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు.

ఆ వార్త చదివాక నేను మళ్లీ ఆ అమ్మాయి మెసేజీలు తీశాను. "భోజనం చేశారా అండి." అది మా వైపు తెలుగు కాదు, కోస్తా తెలుగు. ఆ పేరుతో రాసింది అమ్మాయో అబ్బాయో, ఎక్కడ కూర్చుని రాశారో నాకు తెలియదు. అంతవరకు ఆ మనిషి మీద నాకున్న కోపం మామూలుది కాదు. ఆ తర్వాత కోపం పోయిందని చెప్పను కానీ, దాని దిక్కు మారింది. ఉద్యోగం లేని కుర్రవాణ్ని నమ్మించి ఎక్కించిన ఏజెంటు మన ఊళ్లవాడే. ఖాతా అద్దెకిప్పించిన బ్రోకరు మన దేశంవాడే. వీళ్లను పట్టుకోవడానికి కంబోడియా పోనక్కర్లేదు.

ఆ పైవాళ్లు దొరకరన్న మాట కూడా నేను నమ్మను. 2025 అక్టోబరులో అమెరికా న్యాయ శాఖ కంబోడియాలోని ప్రిన్స్ గ్రూపు అధిపతి చెన్ జీ మీద ఇట్లాంటి మోసాల కాంపౌండ్లు నడిపాడని అభియోగాలు మోపి, లక్షా 27 వేలకు పైగా బిట్‌కాయిన్లను జప్తు చేయాలని కోర్టుకెక్కింది. అప్పటి ధరలో అవి దాదాపు 1,500 కోట్ల డాలర్లు. ఆ నాణేలు అప్పటికే వాళ్ల ప్రభుత్వం చేతికి వచ్చాయి. పట్టు పడితే దొరుకుతాయి. ఆ కుప్పలో మన వాళ్ల డబ్బు ఉందా, ఉంటే మన ప్రభుత్వం అడుగుతుందా అని అడిగేవాళ్లలో నేను ఒకదాన్ని. మన దగ్గర కూడా అదే నెలలో మద్రాసు హైకోర్టు క్రిప్టో కరెన్సీ ఆస్తి కిందికే వస్తుందని, సొంతం చేసుకోవడానికి, ఇంకొకరి కోసం నమ్మకంగా దాచి ఉంచడానికి వీలైన ఆస్తేనని తీర్పు చెప్పింది. ఆస్తి అయితే, దొంగిలించినది ఎవరి దగ్గర దొరికినా అసలు యజమానికి చేరాలి కదా.

మధ్యలో ఇంకొక బాధ. స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చిన కొన్నాళ్లకు ఫోన్లు మొదలయ్యాయి. పోయిన క్రిప్టో వెనక్కి రప్పిస్తాం, పది శాతం ఫీజు ముందు పంపండి అని. ఒకతను ఈడీ అధికారినని వాట్సాప్‌లో గుర్తింపు కార్డు పెట్టాడు. బాపు ఆ రెండోది చూసి వణికిపోయాడు. ఒకసారి మోసపోయినవాళ్ల పేర్ల జాబితాలు కూడా అమ్ముడుపోతాయని ఎస్సై గారు చెప్పారు. బాపు నంబరు మార్చేశాం.

2024 చివర్లో లోక్ అదాలత్‌లో మా కేసు పెట్టారు. మన రాష్ట్రంలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థ కలిసి ఆగిన సొమ్మును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు ఇప్పిస్తున్నాయి. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. లాయరు ఖర్చు లేదు. ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్లలో పట్టా పుస్తకం సంచిలో పెట్టుకుని వచ్చిన రైతు ఉన్నాడు, చంటిపిల్లతో వచ్చిన తల్లి ఉంది, ఇంజినీరింగ్ చదివే పిల్లాడున్నాడు. బాపు వాళ్లందరినీ చూసి, చాలా నెలల తర్వాత నిటారుగా కూర్చున్నాడు. పక్కనున్న రైతుతో మాట కలిపాడు. మూడు లక్షల 38 వేలు విడుదల చేయమని ఆర్డరు వచ్చింది. అమ్మ నగలు అన్నీ కాకపోయినా కొన్ని విడిపించాం. మామ అప్పు నా జీతంలో నుంచి తీరుస్తున్నాను. అమ్మ ఆపరేషన్ ఇంకా కాలేదు.

క్రిప్టో మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకు వద్దు. ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే నిషేధించాలి, ఒప్పుకుంటే షేర్ మార్కెట్‌కు సెబీ ఉన్నట్టు దీనికీ ఒక సంస్థను పెట్టి, పోలీసు ఉత్తరానికి ఎక్స్ఛేంజీ గంటల్లో జవాబివ్వాలని, పీటూపీలో చేతులు మారే సొమ్ముకు ఎవరు జవాబుదారో రాయాలి. పన్ను తీసుకునే చెయ్యి ఒకటి ఉండి, కాపాడే చెయ్యి లేకపోవడం అన్యాయం. ఈ మాట మా ఎమ్మెల్యేకు, ఎంపీకి లెటరు రాశాను. చదివినవాళ్లు మీ వాళ్లకు రాయండి.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రోజే చెప్పండి: డబ్బు విడుదల కావాలంటే ముందు పన్ను కట్టమని ఎవరు అడిగినా, ఏ ముద్ర ఉన్న కాగితం చూపించినా, ఒక్క రూపాయి పంపవద్దు. పంపేసి ఉంటే సిగ్గుపడి ఆగవద్దు, స్టేట్‌మెంటు కోసం తెల్లారే దాకా చూడవద్దు. ఖాతా నంబరు, యూటీఆర్ దగ్గర పెట్టుకుని వెంటనే 1930కి ఫోన్ చేయండి.